టెంక ఎవరిది?

ఆమె పోయింది గురువారమా, శుక్రవారమా అనే తగాదా మొదలయ్యే సరికి ఇంకా పాడె కూడా కట్టలేదు. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితం శుక్రవారం అంది. వాళ్ళమ్మ గురువారం అంది. గుండె ఆగింది అర్ధరాత్రి దాటాక, కోడి కూయకముందు. కాగితానికి పన్నెండు దాటితే మరుసటి రోజు. వాళ్ళమ్మకు పొద్దు పొడిస్తేనే మరుసటి రోజు. ఇది తేలితే తప్ప పదకొండో రోజు ఎప్పుడన్నది తేలదు.

ఆమె తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు అక్కతోని పనిచేసినవ్. అక్కనే ఉంటే ఏమంటుండె?"

కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి. ఎవరేం అడిగినా ముందు ఎదుటివాడి ధర కనుక్కోవడం నాకు ఒంటబట్టిన విద్య. "నువ్వేమంటవ్?" అన్నాను.

"శుక్రవారమే. కాగితం ఉన్నది కదా."

"చూద్దాం తమ్మీ" అన్నాను. నా కళ్ళ ముందు కనిపిస్తున్నది వారం కాదు, ఆమె చెయ్యి.

ఏది ఎక్కడ రెండుగా విడిపోవలసి వచ్చినా ఆమె కుడి అరచేతిని కత్తిలా నిలబెట్టి మధ్యలో దించేది. "ఇది ఇటు, అది అటు. మరి నా చెయ్యి కింద ఉన్నది ఎటు?" అనేది. జవాబు వచ్చేదాకా చెయ్యి తీసేది కాదు.

ఒకసారి ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో, ముగ్గురు కూర్చునే సీట్లో ఒకాయన మోకాళ్ళు బార్లా చాపి కూర్చున్నాడు. నేనైతే కొంచెం జరగమని బతిమాలి, ఆయన జరగకపోతే అరసీటు మీద సర్దుకుని, నిలబడేవాళ్ళ కన్నా నయమే కదా అని దాన్ని లాభం కింద రాసుకునే రకం. ఆమె తిన్నగా సీటు మీద చెయ్యి దించింది.

"అన్నా, ఇక్కడిదాక నువ్వు. ఇక్కడి నుంచి నేను. చెయ్యి కింది జాగ ఎవరిది?"

"ఏంది?"

"జాగ. ఎవరిదో చెప్పు, చెయ్యి తీస్త."

ఆయన చెయ్యి వంక చూశాడు. సాక్ష్యానికి నా వంక చూశాడు. నేను కిటికీలోంచి జామాయిల్ తోటలు చూస్తున్నాను. "నీదే తియ్యమ్మా" అన్నాడు చివరికి. ఆమె ఆ నాలుగు వేళ్ళ జాగాలో, పక్కన నిలబడి ఉన్న ముసలామె సంచి పెట్టించింది.

ఎండాకాలం ఆఫీసులో మామిడికాయ కోసే హక్కు ఆమెదే. ఉప్పూకారం డబ్బా ఆమె సొరుగులో ఉండేది. కత్తి ఆనించే ముందు అందరినీ ఒకసారి చూసి, "టెంక ఎవరిది?" అని అడిగేది. ఎవరో ఒకరు నాదే అనాలి. అంటేనే కోత. "కోయకముందు అడిగితే లెక్క, కోసినంక అడిగితే కొట్లాట" అనేది.

మా ఆఫీసు ఖమ్మంలో మా కొట్టు పైనే, మా సొంత మేడలో అద్దెకు. మేం కిరాయి పెంచకుండా ఉంటామనే ఆఫీసు ఓనరు నాకు ఉద్యోగం ఇచ్చాడని మా నాన్న అనుమానం. నాకు కంప్యూటరు పని అంతంతమాత్రం. నా పనల్లా కస్టమర్లతో బేరం. ఫలానా పనికి ఇన్ని గంటలు మీ సిస్టం ఆపాలి అని మేమంటాం, కుదరదని వాళ్ళంటారు, ఆ రెండింటి మధ్య నేను తిరుగుతాను. ఆమె డేటాబేసు చూసేది. కొత్తగూడెంలో బొగ్గుబావి కార్మికుడి కూతురు. నన్ను మొదటి రోజు నుంచీ "సేటూ" అని పిలిచింది. నేను అక్కా అన్నాను. పని ఎంతసేపు పడుతుందని అడిగితే నేను సుమారుగా ఏదో చెప్పబోయేవాణ్ణి. "సుమారు మీ కొట్ల పెట్టుకో సేటూ, పప్పులు జోకెతందుకు పనికొస్తది" అనేది.

పెద్ద కమాండ్ ఏదైనా టైపు చేశాక రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకునేది. కండక్టరు ఊళ్ళ పేర్లు పిలిచినట్టు దాన్ని పైకి చదివేది. అప్పుడు ఎంటర్ నొక్కేది, అదీ బొటనవేలితో. అలా ఎవరు నొక్కుతారని నేను నవ్వితే, "వేలిముద్ర ఏసేటోళ్ళు గిట్లనే నొక్కుతరు. తర్వాత నేను గాదు అనలేరు" అంది.

సారపాక చుట్టుపక్కల కర్ర యార్డులకు మనుషులను పంపే ఒక లేబర్ కాంట్రాక్టు కంపెనీ మా కస్టమరు. జామాయిల్, వెదురు లారీల నుంచి కర్ర దించే ఆడవాళ్ళు, మగవాళ్ళు, డ్రైవర్లు, అందరి హాజరూ వేలిముద్ర యంత్రం మీదే. ఒక్కో వేలి నొక్కుడు కంప్యూటరు పట్టికలో ఒక్కో వరస. ఏళ్ళ తరబడి పేరుకుని అది కోట్లలోకి పోయింది. అంత పెద్ద పట్టిక‌ను ఒకే కుప్పగా ఉంచితే వెతకడం కష్టం. అందుకని పార్టిషన్లుగా విడదీస్తారు. మా నాన్నకు నేను ఇలా చెప్పాను: ఒక పెద్ద గోదాములో నెలకో గది. తలుపు మీద బోర్డు, ఈ తారీఖు నుంచి ఈ తారీఖు దాకా అని. వచ్చిన బస్తా తన తారీఖు చూసుకుని తన గదిలోకి పోతుంది. పాత సరుకు అక్కర్లేదనుకుంటే బస్తాలు ఏరక్కర్లేదు, గదికి గదే కూల్చేయవచ్చు.

"బోర్డు తప్పు రాస్తేనో?" అన్నాడు నాన్న.

అదే జరిగింది. మాకంటే ముందు ఎవరో కట్టిన గోదాము అది. కట్టినవాడు బోర్డుల మీద తారీఖులను విదేశంలో ఉన్న మిషను గడియారం ప్రకారం రాశాడు. వాళ్ళకు అర్ధరాత్రి అయ్యే సరికి మనకు తెల్లవారుజాము ఐదున్నర. కాబట్టి ఆ గోదాములో ప్రతి నెలా ఐదున్నర గంటలు ఆలస్యంగా మొదలైంది. ఒకటో తారీఖు అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోగా పడిన వేలిముద్రలు పాత నెల గదిలో కూర్చున్నాయి. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. హాజరు అడిగితే మిషను గదులన్నీ వెతికి సరిగ్గానే చెప్పేది. ఏ బస్తా ఏ గదిలో ఉందో ఎవరికి పట్టింది?

పట్టే రోజు వచ్చింది. పాత ఏళ్ళ గదులు కూల్చి ఖాళీ చేయమని కంపెనీ కబురు పెట్టింది. ఒక ఏడాది ఏప్రిల్ ఒకటో తారీఖుకు ముందున్నదంతా తీసేయాలి. అదే సమయంలో, ఆ ఏప్రిల్ ఒకటి నుంచి సర్వీసు తెగకుండా ఉన్నవాళ్ళను పర్మినెంట్ చేస్తామని కూడా కంపెనీ ఒప్పుకుంది. కర్ర దించే ఆడవాళ్ళ గుంపు ఒకటి సరిగ్గా ఆ ఒకటో తారీఖునే పనిలో చేరింది, తెల్లవారకముందే. వాళ్ళ మొదటి వేలిముద్రలు మార్చి గదిలో ఉన్నాయి. వచ్చినప్పటి ముద్ర లేని రోజు హాజరు కింద లెక్క కాదు కాబట్టి, ఆ గది కూలితే వాళ్ళ సర్వీసు రెండో తారీఖున మొదలవుతుంది. పర్మినెంట్ లేదు.

కూల్చే ముందు చివరి గదిలోకి ఒకసారి తొంగి చూసింది కాబట్టి ఆమెకు అది కనిపించింది. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సేటూ, టెంక పోతున్నది" అంది.

మర్నాడు సారపాకలో ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. మేనేజరు మర్యాదస్తుడు. గొంతు పెంచేవాడు కాదు, మాట తగ్గించేవాడు కాదు. అంతా విని, "మేడమ్, ఇన్నేళ్ళ డేటాలో ఐదున్నర గంటలండీ. కొసరు. దానికోసం సిస్టం ఆపమంటారా?" అన్నాడు. కావాలనే అన్నాడని నేను చెప్పను. ఆ గంటలు పోతే ఆయనకు నష్టం లేదు, అంతే.

"కొసరు కాదు సార్, వాళ్ళకు అసలు అదే" అంది ఆమె.

ఆయన ఒక పని చేశాడు. ఆ ఆడవాళ్ళ మేస్త్రమ్మను యార్డు నుంచి పిలిపించాడు. పొడుగ్గా, భుజం మీద చుట్టకుదురు గుడ్డతో వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అవ్వా, ఈ యార్డులో మీరు పనికొచ్చింది ఏ రోజో గుర్తుందా?"

"ఎందుకు లేదు సారూ. మంగళారం పొద్దుగాల యార్డుకు కొబ్బరికాయ కొట్టిండ్రు. అంతకు ముందు రాత్రే మేమొచ్చి కర్ర దించినం. సోమారం రాత్రి."

మేనేజరు మా వైపు తిరిగాడు. "సోమవారం అంటే మార్చి ముప్పై ఒకటి. ఆవిడే చెబుతోంది కదండీ."

నా బేరం బుద్ధి అక్కడితో చేతులెత్తేసింది. సాక్షి మనవైపు మనిషి, సాక్ష్యం అవతలి వైపుది. ఇక లేద్దాం అన్నట్టు ఆమె వైపు చూశాను. ఆమె నవ్వుతోంది.

"అవ్వా, కోడి కూసినంక వచ్చిన్రా, ముందా?"

"ముందే బిడ్డా. కూసే యాళ్ళకు సగం లారీ దించినం."

"గందుకే సోమారమంటున్నది సార్. మా నాయిన మూడో షిఫ్టు చేసి వచ్చి గట్లనే అంటుండె. పొద్దుగాల సైరన్ కొట్టేదాక మా ఇంట్ల నిన్నటి దినమే. ఆమె మాట నిజమే. దాన్ని మీరు పట్టుకున్న తీరు తప్పు." తర్వాత మళ్ళీ మేస్త్రమ్మ వైపు తిరిగింది. "అవ్వా, ఈ మధ్యల ఎవరన్న రాత్రి షిఫ్టుల జరమొచ్చి ఇంటికి పోయిన్రా?"

"నేనే పోయిన. పన్నెండు దాటినంక పోయిన."

"లీవు ఏ దినానికి రాసిండ్రు?"

"తెల్లారినదానికి రాసిండ్రు. గదేందో నాకు సమజ్ కాలే."

ఆమె మేనేజరు బల్ల మీద చెయ్యి దించింది, నిలువుగా. గాజు పలక కింద ఆయన పిల్లల ఫోటో సరిగ్గా సగానికి వచ్చింది.

"లీవు కోసేటప్పుడు పన్నెండు గంటల కత్తి. సర్వీసు కోసేటప్పుడు కోడి కూత కత్తి. ఒక మనిషికి రెండు కత్తులేంది సార్? ఏదన్న ఒకటే పట్టుకోన్రి. కోడి కూతే కావాలంటే ఆమె లీవు వాపస్ ఇయ్యున్రి, ఇన్నేళ్ళ లెక్కలన్ని తిరగరాద్దం. పన్నెండే అంటే ఆమె ఒకటో తారీఖు ఆమెకియ్యున్రి."

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మా ఓనరుకు చేస్తానన్నాడు. ఇంకో మనిషిని పంపమంటానన్నాడు. గొంతు అప్పటికీ పెంచలేదు.

ఆమె సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. గది కూల్చే కమాండ్ టైపు చేసింది. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు గొంతుతో పైకి చదివింది. తర్వాత లాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పింది.

"ఇంకో మనిషెందుకు సార్? చేసేదింతే. ఎంటర్ మీరే నొక్కున్రి. బొటనవేలితో."

మేస్త్రమ్మకు అక్కడేం జరుగుతోందో ఎంత అర్థమైందో గాని, భుజం మీది గుడ్డ తీసి చేతిలో పట్టుకుంది. ఆయన నిజంగా నొక్కితే? ఆ మిషనులో మా ఓనరు అన్నం ఉంది, నా ఉద్యోగం ఉంది, మా కొట్టు పై అంతస్తు కిరాయి కూడా ఉంది. ఆయన వేలు కీబోర్డు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఎన్ని గంటలు ఆపాలి?" అన్నాడు.

ఇక నా వంతు. "రెండు రోజులు సార్" అన్నాను.

"గీయన అబద్ధమాడుతున్నడు. పొద్దుగాల నుంచి పొద్దూకేదాక చాలు" అంది ఆమె. నేను బల్ల కింద ఆమె కాలు తొక్కాను. ఆమె పైకే అంది, "కాలెందుకు తొక్కుతున్నవ్ సేటూ?"

ఉన్నది ఉన్నట్టు చెబితే ఏమవుతుందో అదే అయింది. ఆయన అందులోంచి సగం కోశాడు. శ్రీరామనవమి నాడు భద్రాచలం భక్తుల రద్దీకి గోదావరి బ్రిడ్జి మీద లారీలు ఆపుతారు. లారీ రాకపోతే యార్డులో వేలిముద్ర పడదు. ఆ రోజు పొద్దున మొదలుపెట్టి తలంబ్రాలు పడేదాకా చేసుకోమన్నాడు. నేను వదల్లేదు. తలంబ్రాలయ్యాక పానకం పంచరా, పంచాక జనం కదలరా, అప్పటిదాకా ఇవ్వండి అని పీకి పీకి కొసరు వేయించుకున్నాను. తిరుగు బస్సులో ఆమె, "నిజం చెప్తే సగం కోస్తరని తెల్వదా నాకు? తెలుసు. కోయనీ. అబద్ధం నేను చెప్ప" అంది.

నవమి రోజు వాళ్ళ ఆఫీసులో మేమిద్దరం, ఒక అటెండరు. పక్క గదిలో టీవీలో కల్యాణం. తలుపు మీది బోర్డు చెరిపి కొత్తది రాస్తే సరిపోతుందని నేననుకున్నాను. అలా కుదరదట. లోపల సరుకు ఉండగా బోర్డు మారదు. గదిని గోదాము నుంచి ఊడదీయాలి, సరైన తారీఖులతో కొత్త గది కట్టాలి, బస్తాలు మోయాలి, ఒక్కటీ తప్పిపోలేదని సరిచూడాలి, అప్పుడు మళ్ళీ గోదాముకు అతికించాలి. అలా ప్రతి నెలా. ఆమె చదువుతూ, బొటనవేలితో నొక్కుతూ పోయింది. తలంబ్రాలు పడుతున్నాయని టీవీలో చెప్పే సరికి చివరి గది మిగిలింది. ఆ గదే. అతికించబోతే మిషను ఒప్పుకోలేదు. లోపల ఇక్కడివి కాని వరసలున్నాయి అని ఎర్రగా రాసింది.

"అయిపాయె" అన్నాను నేను.

"ఒప్పుకోలేదంటే తలుపు మంచిదే సేటూ. అన్నిటికీ అవ్ అనే తలుపుతోనే ఇంతదాక వచ్చింది" అంది. ఏదో యంత్రం గడియారం తప్పు తిరిగినప్పుడు పడిన కొన్ని ముద్రలు అందులో ఇరుక్కున్నాయి. వాటిని ఒక్కొక్కటే చూసి, ఎటువి అటు పంపింది. అటెండరు పానకం గ్లాసులు తెచ్చే సరికి మళ్ళీ అతికించింది. ఈసారి తలుపు ఒప్పుకుంది. ఏప్రిల్ గది తెరిచి మొదటి వరస చూపించింది. తెల్లవారుజామున, ఒకటో తారీఖు, మేస్త్రమ్మ వేలు. అప్పుడు పాత గదులు కూల్చింది.

పానకం తాగుతూ, "నీ కొసరు పనికొచ్చింది" అంది. ఆమె నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. ఇప్పటికీ బేరంలో ఓడినప్పుడల్లా తీసి చూసుకుంటాను.

తర్వాత, ఆ మేడమ్‌ను మళ్ళీ పంపవద్దని కంపెనీ మా ఓనరుకు చెప్పింది. ఓనరు నసుగుతూ ఆమెకు వేరే పని చూస్తానన్నాడు. ఆమె సొరుగులోంచి ఉప్పూకారం డబ్బా తీసుకుని, "నన్ను పంపియ్యలేదు, నేనే పోయిన. అడిగినోళ్ళకు గట్లనే చెప్పు. తేడా ఉంటది" అని మెట్లు దిగింది. హైదరాబాదులోనో ఎక్కడో కొన్నాళ్ళు చేసి కొత్తగూడెం వచ్చేసిందని విన్నాను. అడిగినవాళ్ళకు అలాగే చెప్పాను. ఇప్పుడు మీకూ అలాగే చెబుతున్నాను.

ఇక ఆ పదకొండో రోజు. తమ్ముడు కాగితం పక్షాన నిలిచి, శుక్రవారం నుంచి లెక్కగట్టాడు. వాళ్ళమ్మ మాట్లాడటం మానేసింది. టెంటుకు, వంటపాత్రలకు బేరం చేయడానికి నేను ఒకరోజు ముందే కొత్తగూడెం వెళ్ళాను. పొద్దున్నే ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి దిగారు ఆ ఆడవాళ్ళు. రాత్రి షిఫ్టు దిగి తిన్నగా వచ్చారు. ఒంటి మీద పర్మినెంట్ వాళ్ళకిచ్చే నీలం చొక్కాలు, నెత్తిన మోదుగాకు విస్తర్ల కట్టలు. ముందు మేస్త్రమ్మ.

తమ్ముడు కంగారుపడ్డాడు. "ఇదేందవ్వా, దినం రేపు కదా. ఒకరోజు ముందొచ్చిన్రు."

"ముందేంది కొడుకా? పొద్దు పొడవకముందే పాయె కదా బిడ్డ. బేస్తారమే. ఇయ్యాల్టికి పదకొండు."

"దవాఖాన కాగితంల శుక్రవారమని ఉన్నది."

"కాగితం వాళ్ళ దగ్గర పెట్టుకోనీ. మేం తినిపోనీకె వచ్చినం."

లోపలి నుంచి వాళ్ళమ్మ వచ్చింది. మేస్త్రమ్మ నెత్తి మీది కట్టను తన చేతులతో దించుకుని లోపలికి తీసుకుపోయింది.

తమ్ముడు నన్ను పక్కకు లాగాడు. "నువ్వు చెప్పన్నా. అక్క పన్నెండు గంటలే అన్నది కదా. సారపాకల కొట్లాడింది గందుకే కదా."

ఎంతో ఆలోచించి చెప్పిన మాట కాదు, నోటికి వచ్చేసింది. "పన్నెండు కోసం కొట్లాడలేదు తమ్మీ. వీళ్ళ దినం పోవద్దని కొట్లాడింది. పొయ్యి ముట్టియ్యి."

వాకిట్లో ఆడవాళ్ళు అప్పటికే రాళ్ళు ఏరి పొయ్యి పెడుతున్నారు. నేను వంటాయనకు ఫోన్ కలిపాను.

"రేపన్నరు కదా సారూ" అన్నాడాయన.

"కాదు" అన్నాను. "ఇయ్యాలే. ముందు నుంచి ఇయ్యాలే."